తప్పిపోయిన ఒర్రె

మా ఊరి ఒర్రె కనబడుట లేదని మొదట చెప్పింది పక్కింటి దేవవ్వ. ఆమెకు పాలు పోసే మనిషి చెప్పిందట. ఆ మనిషికి బర్రెలు కాసేవాళ్లు చెప్పారట. "గుట్ట కాడ ఉన్నదట, కుంట కాడ లేదట. నడుమిట్ల ఎటు పోయిందో ఏమో!" అని దేవవ్వ ముక్కు మీద వేలేసుకున్నది.

వార్త తెలియగానే ఊరంతా సంతాపం తెలిపింది. గుట్ట నీళ్లను కుంటకు మోసిన ఆ వాగు కూన ఎంతో మంచిదని, ఎవరి జోలికీ పోక తన దారిన తాను పోయేదని పెద్దలు కొనియాడారు. ఆ దారిలో ఇప్పుడు ఎవరున్నారన్న మర్యాద తక్కువ ప్రశ్న ఎవరూ వేయలేదు.

నిజానికి ఒర్రెను ఎవరూ ఏమీ అనలేదు. కొమురెల్లి పత్తి చేను దున్నినప్పుడల్లా ఒర్రె వైపు ఒక్క సాలు జరిగేవాడు. ఒక్క సాలే. తాను ఊరుకుంటే కొమురెల్లిని తప్పుపట్టినట్టవుతుందని అవతలి ఒడ్డు రైతు కూడా ఒక సాలు జరిగేవాడు. రెండు చేన్ల పత్తి కొమ్మలు ఒకదాన్నొకటి తాకిన ఏడాది ఇద్దరూ ఒకే ట్రాలీలో జమ్మికుంటకు పోయి పత్తి అమ్ముకొచ్చారు. ఊళ్లో ఐకమత్యానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

దిగువన కరుణాకర్ దుబాయి నుంచి వచ్చి, మొరం పోసి, ప్లాట్లు చేసి 'కుంట వ్యూ' అని పేరు పెట్టాడు. నిలబడి చూస్తే కుంట కనబడుతుంది. అందులో నీళ్లు కూడా కనబడాలని కాగితంలో ఎక్కడా రాయలేదు. ఇంకా దిగువన బెంజమిన్ ఫంక్షన్ హాలు కట్టాడు. భక్తిపరుడు కనుక 'బేతెస్ద' అన్నాడు. బైబిల్లో బేతెస్ద ఒక కోనేరు. ఒర్రెను పూడ్చి కూడా బోర్డు మీద నీళ్లను కాపాడిన మనిషిని ఎంత పొగిడినా తక్కువే.

ఇంత అభివృద్ధి నడుమ లస్మవ్వ ఒక్కతే తిక్క మనిషి. కుంట తూము కింద ఆమెకున్నది ఎకరం మడి. గుట్ట మీద వానలు పడుతున్నా కుంటకు చుక్క రాలేదు. వేసిన నాటు ఎర్రబడుతున్నది. ఆమె దారినపోయే ప్రతివాణ్నీ ఆపి, "నా నీళ్లేవిరా?" అని అడిగేది.

ఆ నస పడలేక పంచాయితీ పెట్టారు. ఊరంతా పట్టే చోటు బేతెస్ద ఒక్కటే కనుక అక్కడే పెట్టారు. బయట ముసురు. కరుణాకర్ మైకు అందుకున్నాడు.

"ఒర్రె మన సంస్కృతి! ఒర్రె మన కన్నతల్లి! ఆ తల్లి యాదిలో ఇదే హాలు ముందట విగ్రహం పెడుదాం. బతుకమ్మకు ట్యాంకరు నీళ్లు నా తరఫున!"

చప్పట్లు మోగాయి. తరువాత దోషుల విచారణ.

"నేను కలుపుకున్నది జరంతనే," అన్నాడు కొమురెల్లి.

"నాది గూడ జరంతనే అన్నా, దేవుని తోడు," అన్నాడు బెంజమిన్.

అందరిదీ జరంతే కనుక ఒర్రెకు ఎవరివల్లా నష్టం జరగలేదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

తీర్మానం చదువుతుండగా వాన దంచింది. గుట్ట దిగిన నీళ్లు పాత దారి మరువలేదు. కొమురెల్లి పత్తిని, కరుణాకర్ మొరాన్ని వెంటబెట్టుకొని ఎర్రగా తలుపు తోసుకొని వచ్చాయి. చెప్పులు తేలాయి. పెద్దలు కుర్చీలెక్కారు. హాలు వెనుక గోడ దాటితే కుంటే. గోడ మాత్రం గట్టిది, బెంజమిన్ మంచి సిమెంటు వాడాడు.

లస్మవ్వ కుచ్చిళ్లు ఎగజెక్కి నీళ్లలోనే నిలబడ్డది.

"లస్మవ్వా, జర నువ్వన్న చెప్పవే, ఇప్పుడేం జేద్దాం?" కుర్చీ మీది నుంచి కరుణాకర్ అడిగాడు.

"ఏమున్నది బిడ్డా, మీ కన్నతల్లి దొరికింది గదా. ఎవల జరంత వాళ్లు ఇంటికి తీస్కపోండ్రి."