దయచేసి తలుపు గోకకండి!

పచ్చని సంసారాలు చెడగొట్టే వస్తువులు లోకంలో చాలా ఉన్నాయి గానీ, వాటన్నిటిలోకీ ప్రమాదకరమైనది ఉప్పుకాగితం! పేకముక్కలు దాని ముందు దిగదుడుపే. మీ ఇంటి తలుపుల మీద ఏళ్ళ తరబడి పేరుకుపోయిన పాత రంగు ఉందా? ఉంటే మీరు అదృష్టవంతులు. దాని జోలికి పోకండి. చేతులు ఊరుకోకపోతే పైన ఇంకో పూత వేయించండి.

మందంగా రంగు పట్టిన తలుపు వల్ల ఎన్ని లాభాలున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? అది మూసుకోదు. మూసుకోని తలుపుకు తాళం ఖర్చు లేదు. బార్లా తెరిచి ఉన్న ఇంటిని చూస్తే ఎంతటి దొంగకైనా అనుమానం వస్తుంది, లోపలికి రాడు. ఒకవేళ బలవంతాన మూశారో, ఇక తెరుచుకోదు. చందాల వాళ్ళూ, ఇన్సూరెన్సు ఏజెంట్లూ బయటే ఉండిపోతారు. ఇంత చవకలో ఇంత భద్రత ఏ ప్రభుత్వం ఇస్తుంది, చెప్పండి!

ఈ సత్యం గ్రహించక చెడిపోయిన మనిషి ఒకాయన ఉన్నారు. పేరు కృపానందం, ఊరు బెజవాడ, పేట పటమట, ఉద్యోగం ఓ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఆయన సంగతులు నాకింత వివరంగా ఎలా తెలుసని అడక్కండి. ఆయన కళ్ళజోడు నాకు సరిగ్గా సరిపోతుంది, అంతవరకే చెప్పగలను.

కృపానందం గారి వీధి తలుపు అందరి తలుపుల్లాంటిది కాదు. అది ఆయన వాటా. పామర్రు దగ్గర పల్లెలో వాళ్ళ నాన్న ఇశ్రాయేలు గారు పోయాక, అన్నదమ్ములు పంచుకోవడానికి మిగిలినవి రెండే: అర ఎకరం మాగాణి, తాటాకింటికి బిగించిన తలుపు. అది రంగం టేకు అని ఇశ్రాయేలు గారు బతికున్నన్నాళ్ళూ చెప్పేవారు. కుర్రతనంలో ఆయన ఓడెక్కి బర్మాలో రంగం దాకా వెళ్ళివచ్చిన మాట నిజమే. తిరిగొచ్చేటప్పుడు చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదని కొందరు అనేవారు గానీ, అలా అనేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు.

"పొలం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. రంగం టేకు ఎక్కడ దొరుకుతుందిరా?" అన్నారు పెద్దకొడుకు కృపానందం గారు, చదువుకున్నవాడి తెలివితో. తమ్ముడు లాజరు చదువుకోలేదు కాబట్టి పొలం తీసుకున్నాడు. అన్నగారు తలుపును బండెక్కించి బెజవాడ తెచ్చుకుని, దాని కొలతలకు గుమ్మం పెట్టించి, ఆ గుమ్మానికి ఇల్లు కట్టారు. అవునండీ, ఇంటికి తలుపు కాదు, తలుపుకు ఇల్లు!

ఆనాటి నుంచీ ఆ ఇంటికి వచ్చినవాడెవడైనా సరే, కాఫీ తాగేముందు తలుపు మీద వేలితో కొట్టి వినాల్సిందే. "ఆ చప్పుడు చూశారూ? టేకు!" అనేవారు కృపానందం గారు. చూశామన్నవాళ్ళకు కాఫీలో పంచదార పడేది. అనుమానించిన వాళ్ళకు కాఫీయే ఆలస్యమయ్యేది.

ఈ టేకు పురాణం నడుస్తున్నంతసేపూ ఆయన భార్య సంపూర్ణమ్మ గారు వంటింట్లో ఏదో ఒక పని కల్పించుకునేవారు. ఒక్క విషయంలో మాత్రం ఆవిడది ఉడుంపట్టు. ఏటా క్రిస్మస్ ముందు గోడలకు సున్నం, తలుపుకు రంగు పడి తీరాలి. తనకు చీర రాకపోయినా ఊరుకునేవారు గానీ రంగు డబ్బా రాకపోతే ఊరుకునేవారు కాదు. అలా ఇశ్రాయేలు గారి నాటి చాక్లెట్ రంగు మీద ఆకుపచ్చ, ఆకుపచ్చ మీద నీలం, నీలం మీద సిమెంటు రంగు పడుతూ వచ్చాయి. బంగారంలాంటి టేకుకు ఈ పూతలేమిటి, డబ్బు దండగ అని ఆయన ఏటా సణుగుతూనే ఉన్నారు. చివరికి తలుపు ఒళ్ళు చేసి గుమ్మంలో పట్టడం మానేసింది.

"ఈసారి రంగు లేదు! పాతదంతా గోకేసి, ఒట్టి టేకు మీద వార్నీషు వేయిస్తా. పండక్కి లాజరు వచ్చి చూసి నోరెళ్ళబెట్టాలి" అన్నారాయన.

సంపూర్ణమ్మ గారు ఎందుకో కంగారు పడ్డారు. "ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వండి. ఇప్పుడు గోకితే ఏమొస్తుందండీ?"

"టేకొస్తుంది!"

రంగుల మేస్త్రీని పిలిస్తే కూలి ఇవ్వాలి. పక్కింటి బసవపున్నయ్య గారి సలహా ఉచితం. పొదుపుగా చేసుకునే పనులన్నిటికీ ఆయన దగ్గర సలహాలున్నాయి. మీరెప్పుడైనా చేసి చూశారా అని మాత్రం అడక్కూడదు.

"దానికి వేడి తగిలించండి సార్, అదే లేచొచ్చేస్తుంది" అన్నారు బసవపున్నయ్య గారు. ఇంట్లో ఖర్చులేని వేడి ఏముంది? బొగ్గుల ఇస్త్రీపెట్టె! కృపానందం గారు బందులూడదీసి, తలుపును వసారాలో పడుకోబెట్టి, ఓపిగ్గా ఇస్త్రీ చేశారు. రంగు నిజంగానే లేచింది. లేచి తలుపును వదిలేసి ఇస్త్రీపెట్టెను పట్టుకుంది. మర్నాడు అదే పెట్టెతో ఇస్త్రీ చేసిన ఆయన తెల్లచొక్కా వీపు మీద రంగు చారలు చూసి, ఏ పార్టీలో చేరారండీ అని ఆఫీసులో అందరూ అడిగారు.

ఆ తర్వాత సున్నం, చాకలిసోడా కలిపి ముద్ద చేసి మెత్తడం, పైన తడి గోనె కప్పడం. ఈ వైద్యం కొంత పనిచేసింది. తలుపు మీద రంగుతోపాటు ఆయన వేళ్ళ మీద తోలు కూడా వచ్చేసింది. ఆదివారం గుడిలో చేతులు జోడించలేక, ఆరాధన అయ్యేదాకా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డారు. పాస్టరు గారు ఆ భక్తికి ముచ్చటపడి సంఘమంతటికీ చూపించారు. ఈ లోపల గుమ్మానికి తలుపు బదులు సంపూర్ణమ్మ గారి పాత చీర వేలాడుతోంది. వీధికుక్కలు పరామర్శకు వచ్చిపోతున్నాయి.

మిగిలిందాన్ని గాజుపెంకుతో, ఉప్పుకాగితంతో గోకడం మొదలుపెట్టారు. సిమెంటు రంగు పోయి నీలం, నీలం పోయి ఆకుపచ్చ, అట్టడుగున చాక్లెట్ రంగు. ఇక టేకు బయటపడటమే తరువాయి! బయటపడింది లప్పం. దాని కింద మళ్ళీ లప్పం. టేకుకు ఇంత లప్పం ఎందుకబ్బా అనుకుంటూ ఇంకాస్త గట్టిగా గోకారు. లప్పం రాలింది, కన్నంలోంచి వసారా గచ్చు కనపడింది. మిగతా చోట్ల పాలిపోయిన చెక్క, దాని నిండా పురుగు తొలిచిన బెజ్జాలు. తలుపును పైకెత్తబోతే అది ముక్కలుగా విడిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని నిలబెట్టింది చెక్క కాదు, రంగు!

"మామిడి" అన్నారు సంపూర్ణమ్మ గారు, గుమ్మానికున్న చీర పక్కకు తీసి.

"నీకు ముందే తెలుసా?"

"ఈ ఇంట్లో చేరిన ఏడాదే తెలుసండి. గడప కడుగుతుంటే తలుపు కింద అంచు కనపడింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే పొలం తిరిగొస్తుందా? వచ్చినోళ్ళందరికీ మీరు అంత సంబరంగా చూపిస్తుంటే నాకు నోరు రాలేదు. అందుకనే ఏడాదికో డబ్బా తెప్పించా."

కృపానందం గారు అక్కడే గచ్చు మీద కూలబడి ఏడ్చారు. పక్కింటాయన తొంగిచూస్తే కంట్లో సోడా పడిందన్నారు. తర్వాత భార్యాభర్తలిద్దరూ కలిసి ఆ ముక్కలకు వెనక అడ్డబద్దలు బిగించి, లప్పం పెట్టి, రెండు పూతలు రంగు వేశారు. తలుపు మళ్ళీ టేకైపోయింది. కథ ఇక్కడితో అయిపోతే నేను మీ సమయం వృథా చేసేవాణ్ణి కాను.

క్రిస్మస్ నాడు లాజరు కొత్త బియ్యం మూట భుజాన వేసుకుని వచ్చాడు. మూట దించకుండానే తలుపును నిమిరాడు.

"అన్నయ్యా, నేనూ డాబా ఏస్తన్నా. నాన్న తలుపు నా గుమ్మానికుంటే బాగుంటదని ఆశగా ఉంది. ఊరికే వద్దులే. ఆ అరెకరం నీకు రాసిచ్చేస్తా. నాకు వేరే చేను ఉందిగా."

అర ఎకరం మాగాణి! ఊఁ అంటే చాలు. పోయిన పొలం తిరిగొస్తుంది, పరువు నిలబడుతుంది, పురుగు తొలిచిన మామిడి చెక్క పామర్రు దారి పడుతుంది. కృపానందం గారు భార్య వంక చూశారు. ఆవిడ నేల వంక చూశారు. పాఠకులారా, ఆ స్థానంలో మీరుంటే ఏమనేవారు? వద్దు, చెప్పకండి.

"లాజరూ, అది టేకు కాదురా. మామిడి చెక్క" అన్నారాయన.

లాజరు ముందు నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. పండగపూట అబద్ధమెందుకు? టేకు టేకు అని ఇన్నేళ్ళు నా చెవులు చిల్లులు పొడిసింది నువ్వు కాదూ?"

"అప్పుడు నాకూ తెలీదురా."

"అయితే నాన్న అబద్ధం చెప్పాడంటావా?"

కృపానందం గారు గబగబా లోపలికి వెళ్ళారు. గాజుపెంకు తెచ్చి, గోకి చూపించబోయారు. లాజరు ఆయన మణికట్టు పట్టుకుని ఆపేశాడు. "నాన్న తలుపు మీద గీత పడిందంటే ఊరుకోను" అన్నాడు. బియ్యం మూట అరుగు మీద దించి, వదిన వడ్డించిన కంచం వంక అయినా చూడకుండా బస్టాండుకు వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

చూశారా, పాత రంగు గోకితే ఏమవుతుందో? తలుపుకు పట్టిన రంగయితే సున్నానికీ సోడాకూ దిగింది. ఇన్నేళ్ళు ఊరంతా కొట్టిన డప్పు దేనికి దిగుతుంది? బసవపున్నయ్య గారి దగ్గర కూడా దానికి సలహా లేదు.

లాజరుకు ఒక గుణం ఉంది. మనిషి చెబితే నమ్మడు, పేపర్లో అచ్చయితే నమ్ముతాడు. చదవడం రాకపోయినా, ఆదివారం పామర్రు సెంటర్లో టీకొట్టు బల్ల మీద కూర్చుని, ఎవరో ఒకరు పైకి చదువుతుంటే ఆఖరి అక్షరం దాకా వింటాడు. ఆ చదివే పెద్దమనిషి ఎవరో గానీ, ఆయనకు నాదొక మనవి. పైనదంతా ఎగరగొట్టినా ఫర్వాలేదు, ఈ కింద ముక్క మాత్రం కాస్త గట్టిగా చదవండి.

లాజరూ, అది మామిడి చెక్కేరా. నాన్న అబద్ధం చెప్పలేదు, ఆయన్నీ ఎవడో మోసం చేసి ఉంటాడు. పొలం నీదే. తలుపు కావాలంటే అదీ తీసుకుపో. మీ వదిన రోజూ వీధి వంక చూస్తోంది. ఒక్కసారి వచ్చి అన్నం తినిపోరా.