మడత పడని మడత కత్తి

ఆ రోజు ఉదయం రికార్డుల గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు వెనక వీధిలోకి వెళ్ళి ఒక మడత కత్తి కొనాలి. సాయంత్రం ఇంటికెళ్ళి, బావమరిది చూస్తుండగా జేబులోంచి తీసి టక్కున విప్పాలి. అంతే.

అంతకు వారం ముందు, ఇంటిల్లిపాదీ కొండల్లో మూడు రోజులు గడిపి రావాలని అనుకున్నారు. సామాను చిట్టా రాస్తుంటే, "కత్తి నేను తెస్తాను" అన్నాడు గుమాస్తా. బావమరిది పకపకా నవ్వి, "నువ్వా బావా? పెన్సిలు చెక్కాలన్నా అక్కని కేకేస్తావు కదా!" అన్నాడు. ఇల్లాలు తమ్ముణ్ణి కసరలేదు సరికదా, తల వంచుకుని చిట్టా రాస్తున్నట్టు నటించింది. ఆవిడ భుజాలు కదలడం గుమాస్తా కంటపడనే పడింది.

అప్పట్నుంచి అతనికి నిద్ర పట్టలేదు. పది మందిని అడిగాడు. ఏ ఉక్కు తుప్పు పట్టదు, ఏ పిడి చెమటకి జారదు, ఎంత బరువుంటే జేబు చిరగదు, అన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాడు. మరీ చవకదైతే రెండో రోజుకే పిడి ఊడుతుంది. మరీ ఖరీదైనదైతే ఇల్లాలు తాట తీస్తుంది. మధ్యరకం ధరలో, చూడగానే గుండె గుభేలుమనేది కావాలి.

మధ్యాహ్నం వెనక వీధిలో కత్తుల కొట్టు ముసలాయన మొదట అరచేతిలో ఇమిడే కత్తి చూపించాడు. "ఇది హాయిగా ఉంటుంది బాబూ. పండు కోసుకోవచ్చు, తాడు తెంపుకోవచ్చు."

"ఇంకా పెద్దది లేదా?"

"ఇంతకీ మీరు కోసేదేమిటి?"

బావమరిది పొగరు అని చెప్పలేక, "అన్నీ" అన్నాడు.

ముసలాయన అతన్ని ఎగాదిగా చూసి, లోపల్నించి నల్లపిడి కత్తి ఒకటి తెచ్చాడు. విప్పితే జానెడు పైనే ఉంది. పిడికి కొయ్య బదులు గట్టి ప్లాస్టిక్ వేశారు గనక ధర అందుబాటులోనే ఉంది. "మూసేటప్పుడు చిన్న కిటుకుంది, చూపిస్తానుండండి" అన్నాడు ముసలాయన. "ఆ మాత్రం తెలుసులెండి" అని, మూసి ఉన్నదాన్నే జేబులో వేసుకుని వచ్చేశాడు గుమాస్తా.

సీట్లో కూర్చోగానే చెయ్యి ఊరుకోలేదు. బల్ల కింద పెట్టి బొటనవేలితో తోశాడు. టక్! ఆ చప్పుడుకి ఒళ్ళు పులకరించింది. రెండోసారి పులకరించాలంటే ముందు మూయాలి కదా. మూయబోతే అది ససేమిరా అంది. అరచేత్తో నొక్కాడు. బల్ల అంచుకి ఆనించి తోశాడు. మోకాళ్ళ మధ్య బిగించి, పళ్ళు కరుచుకుని, దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకున్నాడు. ఉహూఁ.

సరిగ్గా అప్పుడే అటెండరు వచ్చి నిలబడ్డాడు. "మేనేజరుగారు పాత మీటర్ల ఫైలు పట్టుకు రమ్మంటున్నారండి. ఇప్పుడే." అటెండరు ముందు కత్తి బయటికి తీయడం నామోషీ. గుమాస్తా దాన్ని విప్పింది విప్పినట్టే ఫైల్లోకి దోపి లేచాడు.

మేనేజరు మెత్తటి మనిషి. తుమ్మినా "క్షమించండి" అనే రకం. అయినా ఆ వారంలో గుమాస్తా సెలవు చీటీని మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోది ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. ఇప్పుడు ఫైలు అందుకోబోయాడు. అందులోంచి కత్తి జారి బల్లమీద పడి, గిర్రున తిరిగి, మొన మేనేజరువైపు పెట్టి ఆగింది.

మేనేజరు కుర్చీని గోడదాకా వెనక్కి జరుపుకున్నాడు.

"సెలవు..." అన్నాడు మేనేజరు. "మూడు రోజులు చాలా?"

"సార్, అదీ..."

"అయిదు చేద్దాం." సొరుగులోంచి చీటీ తీసి సంతకం గీకేశాడు.

అప్పుడే నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేదు. "థాంక్సండీ" అని, ఒక చేత్తో చీటీ, ఒక చేత్తో కత్తి పట్టుకుని హాల్లోకి వచ్చాడు. హాలంతా చూసింది.

ఆ తర్వాత అరగంట అతను రాజు. రోజూ తన ఉత్తరాల కట్ట ఇతని నెత్తిన పెట్టే హెడ్ క్లర్కు మేడమ్ చప్పుడు చేయకుండా వచ్చి కట్ట తీసేసుకుంది. ఫ్యాను కింద కుర్చీ దానంతటదే ఖాళీ అయింది. చల్లారిన టీ తప్ప ఎరగని అతనికి పొగలు కక్కే టీ వచ్చింది, పక్కన రెండు బిస్కెట్లతో. పన్నెండేళ్ళ కొలువులో అతన్ని చూసి భయపడ్డవాడు లేడు. బిస్కెట్టు టీలో ముంచుకుంటూ, బాగానే ఉంది, అనుకున్నాడు.

అటెండరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మేనేజరుగారు లోపల గడియ పెట్టుకున్నారండి. అన్నం డబ్బా బయటే ఉండిపోయింది. ఇవ్వనా అంటే ఆకలి లేదన్నారు. ఇంటికి ఫోన్ చేసి, పిల్లలు బడి నుంచి వచ్చారా అని రెండుసార్లు అడిగారు."

గుమాస్తా టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. పోయినేడు తనకి జ్వరమొస్తే బండి మీద ఇంటిదాకా దింపింది ఆయనే. మెట్లెక్కేటప్పుడు చెయ్యి కూడా పట్టుకున్నాడు. గుమాస్తాకి ముఖం మండిపోయింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండు అనిపించింది. చీలలేదు గనక లేచాడు. అది మూసుకోవడం లేదన్నది నిజమని నమ్మించాలి కదా అని కత్తి కూడా పట్టుకున్నాడు. బుద్ధి తక్కువ పని.

హెడ్ క్లర్కు మేడమ్ అడ్డొచ్చింది. "బాబూ, తొందరపడకు. పెళ్ళాం ముఖం చూసైనా ఆగు."

"అయ్యో, ఆయనకి ఒకటి చూపించాలండీ!"

"చూపించింది చాలు నాయనా! నీ భార్యకి ఫోన్ చేశాను. దార్లో ఉంది."

అతను తప్పించుకుని తలుపు కొట్టాడు. "సార్, నేను మిమ్మల్నేం చెయ్యడానికి రాలేదండీ!"

లోపల బల్ల ఈడ్చిన చప్పుడైంది.

ఇక లాభం లేదు. సెలవు చీటీని తలుపు సందులోంచి లోపలికి తోశాడు. ఊపిరి బిగబట్టి, "సార్! నాకు కత్తి మూయడం రాదు!" అని అరిచాడు.

"ఏం రాదూ?"

"మూయడం సార్! కొన్నాను, విప్పాను, మూయడం రావట్లేదు! సిగ్గుపడి చెప్పలేదు!"

గుమాస్తా వెనక్కి తిరిగి చూస్తే, ఇల్లాలు, బావమరిది ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అంతా విన్నారు. నవ్వు బిగబట్టి బావమరిది ముఖం కందగడ్డలా ఎర్రబడింది గానీ, అక్క వాడి కాలు తొక్కి పట్టింది.

తలుపు బెత్తెడు తెరుచుకుంది. ఒక చెయ్యి బయటికొచ్చింది. "పిడి ఇటు తిప్పి ఇవ్వు."

ఇచ్చాడు. మేనేజరు మెల్లగా బయటికొచ్చి, కళ్ళజోడు సవరించుకుని, పిడి లోపలున్న సన్నటి ఉక్కు పట్టీని బొటనవేలితో పక్కకి నొక్కాడు. కత్తి పిల్లిలా ముడుచుకుంది.

"మేడమీద గులాబీలకి అంట్లు కడతాను" అన్నాడు సంజాయిషీగా. "నా కత్తి ఇందులో సగం. ఇంత పెద్దదెందుకయ్యా?"

గుమాస్తా తల ఎత్తలేదు. "చీటీ చింపెయ్యండి సార్."

మేనేజరు లోపలికెళ్ళి కింద పడున్న చీటీ ఏరుకొచ్చాడు. "నిజానికి నెలంతా ఆఫీసులో పనేం లేదు. నేను ఎక్కడికీ వెళ్ళలేనప్పుడు నువ్వెందుకు వెళ్ళాలని, ఓర్వలేక తిప్పి పంపాను. నీ స్థానంలో నేనుంటే నాకూ ఒళ్ళు మండేది. అందుకే నీకూ మండిందనుకున్నాను." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయిదు కొట్టేసి మూడు వేసి, చీటీ అతని జేబులో తనే పెట్టాడు.

కొండల నుంచి తిరిగొచ్చాక ఆఫీసులో కొత్త ఏర్పాటు అమల్లోకి వచ్చింది: పార్సిళ్ళ దారాలు కోయడానికి కత్తి విప్పడం గుమాస్తా పని, మూయడం మాత్రం మేనేజరుగారి అధికారం.