సిలిండర్లకు లిఫ్టు, పిల్లలకు మెట్లు

మా పెద్దాసుపత్రిలో పిల్లల ఊపిరితిత్తుల వైద్యాన్ని నాలుగో అంతస్తులో పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నా శతకోటి దండాలు!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. అదే వైద్యం కింద గేటు పక్కన పెట్టారనుకోండి, ఏమవుతుంది? స్కూలు ఎగ్గొట్టడానికి దగ్గేవాళ్లంతా దూరిపోతారు. నాలుగో అంతస్తులో పెడితే అసలు రోగి ఎవరో మెట్లే తేల్చేస్తాయి. చకచకా పైదాకా ఎక్కినవాడికి జబ్బు లేనట్టే, ఇంటికి పొమ్మనొచ్చు. ఎక్కలేనివాడు ఎలాగూ డాక్టరు దాకా రాడు. ఇంతకంటే రద్దీ తగ్గించే ఉపాయం ఉందా చెప్పండి!

"మరి లిఫ్టు లేదా?" అంటారు. ఎందుకు లేదూ, నిక్షేపంలా ఉంది! లోపల అద్దం, ఫ్యాను, సన్నగా సంగీతం కూడానూ. కాకపోతే అది ఆక్సిజన్ సిలిండర్లకు.

ఇందులో తప్పేముంది? సిలిండరంటే మాటలా? కింద పడితే ఎంత ప్రమాదం! పిల్లలు పడితే లేచి మళ్లీ ఎక్కుతారు.

మొన్న మా అమ్మాయిని తీసుకెళ్లాం. ఏడేళ్ల పిల్ల. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడితే ఐదోదానికి ఛాతీలోంచి ఈల వస్తుంది. ఈ జబ్బుకు చుట్టుపక్కల ఉన్నది ఒక్కరే డాక్టరమ్మ. ఆవిడ అపాయింట్‌మెంట్ కోసం నెలల తరబడి కాచుకున్నాం. పిలిచినప్పుడు లేకపోతే మళ్లీ మొదటికే.

"అన్నా, పిల్లకి ఆయాసం. ఒక్కసారి ఎక్కించుకోవా?" అని మా ఆవిడ లిఫ్టతన్ని బతిమాలింది.

"నాదేముందమ్మా! సిలిండర్లకేనని ఆఫీసువాళ్ల ఆర్డరు. మిమ్మల్ని ఎక్కిస్తే నా ఉద్యోగం పోద్ది" అన్నాడతను. వెనకాల సిలిండర్లు దర్జాగా నిలబడి పైకెళ్లిపోయాయి.

మూడో అంతస్తు దాటాక మా పిల్ల మెట్టు మీద కూలబడింది. పెదవులు రంగు మారాయి. అప్పుడే పైన మా పేరు పిలిచారు. మా ఆవిడ పరుగెత్తింది.

"పిల్లేదమ్మా? లేకపోతే తర్వాతవాళ్లని పంపేస్తా" అని నర్సు గొంతు.

"మెట్ల మీదుందమ్మా, వచ్చేస్తోంది! నేను మాత్రం ఇక్కణ్ణుంచి కదలను" అని మా ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

నేను పిల్లను వీపున వేసుకుని ఎక్కాను. డాక్టరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇద్దర్లో పేషెంటు ఎవరండీ?" అంది. చెప్పడానికి నాకు ఊపిరాడితేగా! వేలితో చూపించాను.

బంగారం లాంటి మనిషి. వెంటనే పిల్లకు మాస్కు పెట్టి మందు పట్టించింది. కాసేపటికి పెదవులకు రంగొచ్చింది, నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పింది: "కొన్నాళ్లు పాపని మెట్లెక్కనివ్వకండి. వచ్చే నెల మళ్లీ ఇక్కడికి తీసుకురండి."

"ఎలాగండీ?" అన్నాను.

"కింద ఒక గది ఇమ్మని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది. ఖాళీ లేదంటారు" అందావిడ.

దిగాక కింద గేటు పక్కనున్న గదిలోకి తొంగిచూశాను. నిజమే, ఖాళీ లేదు. గదినిండా ఖాళీ సిలిండర్లు.

కాబట్టి నేను ఎవరినీ ఏమీ అడగదలచుకోలేదు. సిలిండర్లకు ఒళ్లంతా నలుపు, నెత్తిన తెలుపు కదా, అచ్చం అలాగే మా అమ్మాయికీ నల్ల గౌను, తెల్ల టోపీ కుట్టిస్తున్నాం. వచ్చే నెల లిఫ్టు ముందు నిలబెడతాం. పిల్ల ఇప్పట్నించే బిగుసుకుని నిలబడడం ప్రాక్టీసు చేస్తోంది. దానికి ఉన్నది ఒక్కటే అనుమానం.

"నాన్నా, లోపల దగ్గొస్తే దింపేస్తారా?"