రెండో బల్లను నిషేధించాలి

భార్యాభర్తలున్న ఇంట్లో రెండో బల్ల ఉండటాన్ని శిక్షార్హమైన నేరంగా ప్రకటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. నవ్వకండి. నేను నవ్వించడానికి రాయడం లేదు. ముప్పై ఏళ్లుగా నా రాతలు చదువుతున్నవాళ్లు, నావల్ల ఆ పని కాదని ఎప్పుడో తేల్చేశారు కూడా.

ఈ మధ్య ఏ పేపరు తిప్పినా ఇళ్ల ప్రకటనలే. 'మీకంటూ ఒక గది! మీ స్పేస్ మీది!' అని. స్పేస్ అంటే ఏమిటండీ? నా చిన్నప్పుడు అది రాకెట్లు వెళ్లే చోటు. ఇప్పుడు మొగుడు వెళ్లి తలుపేసుకునే చోటు. రాకెట్ అయినా అప్పుడప్పుడు భూమికి కబురు పంపుతుంది.

నా మిత్రుడొకడు బ్యాంకు మేనేజరు. కొత్త ఫ్లాటులో తనకొక బల్ల, భార్యకొక బల్ల వేయించాడు. బల్లలు రెండయ్యాక దీపాలు రెండయ్యాయి. ఆపైన టీ కెటిళ్లు రెండయ్యాయి. ఆ తర్వాత వైఫైలు. మొన్న లిఫ్టులో ఆవిడ ఎదురైతే 'మీరు ఏ ఫ్లోరండీ?' అని మర్యాదగా అడిగాడట. ఆవిడ కూడా అంతే మర్యాదగా చెప్పిందట.

అందుకే అంటున్నాను. ఇరుకు శాపం కాదు, వరం. ఈ మాట పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు, అనుభవించి చెబుతున్నాను. అనుభవించింది ఎక్కువగా మా ఆవిడే అనుకోండి. అయినా చూసినవాణ్ణి నేనున్నానుగా!

మాకు పెళ్లయ్యేసరికి ఇద్దరమూ కాలేజీలోనే ఉన్నాం. 'పెళ్లి చేసుకుని చదువుకోండి, ఎవరొద్దన్నారు?' అన్నారు పెద్దలు. నిజమే, ఎవరూ వద్దనలేదు. ఎక్కడ కూర్చుని చదువుకోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నేను ఎకనామిక్స్. ఉన్న కాస్త వనరుల్ని నలుగురికీ న్యాయంగా ఎలా పంచాలో చెప్పే శాస్త్రం అది. మా ఆవిడ సివిల్ ఇంజనీరింగ్. గోడలు ఎక్కడ కట్టాలో చెప్పే చదువు.

మేముండేది ఒక టైలర్ షాపు పైనున్న గదిలో. గది ఒకటి, కిటికీ ఒకటి, బల్ల ఒకటి. ఇల్లు ఇరకటం, ఆలి మర్కటం అన్నారు. మా ఇంట్లో ఇరకటం నిజమే. మర్కటం మాత్రం ఆలి కాదు.

ఆ బల్ల టైలర్ పెద్దాయన ఇచ్చింది. ఒకప్పుడు ఆయన గుడ్డలు కత్తిరించుకున్న బల్ల. అంచు పొడవునా అంగుళాల గుర్తులు చెక్కి ఉండేవి. మొత్తం ముప్పై ఆరు అంగుళాలు. మొదటిరోజే మా ఆవిడ పద్దెనిమిదో గుర్తు దగ్గర పెన్సిలుతో గీత గీసి, 'అటు నీది, ఇటు నాది' అంది. ఆ గీతను నేను ఎంతో గౌరవించాను. నా మోచెయ్యికి మాత్రం సరిహద్దులంటే లెక్కలేదు.

ఒకే బల్ల వల్ల ఎన్ని లాభాలో చూడండి. ఒకరి ఇంకు మరొకరి నోట్సు మీద ఒలుకుతుంది, దానివల్ల దాంపత్యంలో రంగులు పెరుగుతాయి. ఒకరు తుమ్మితే మరొకరి పేజీ తిరుగుతుంది, దానివల్ల చదువు త్వరగా ముందుకు పోతుంది. కిరణాల్లా విడిపోయే రెండు జీవితాలు ఒకే కిటికీ వెలుగులో కలుస్తాయి. ఈ వాక్యం బాగుందని నాకు తెలుసు. అది ఆ రోజుల్లో ఆ బల్ల మీదే రాసింది. నా తొలి వ్యాసం, పేరు 'సంసారంలో సర్దుబాటు'. దాన్ని రాయడానికి మా ఆవిడను నాలుగు రోజులు బల్ల దగ్గరికి రానివ్వలేదు.

చిక్కెక్కడ వచ్చిందంటే, ఆమె డ్రాయింగ్ షీట్ల దగ్గర. షీటు పరిచిందంటే ముప్పై ఆరు అంగుళాలూ దానికే సరి. నా పద్దెనిమిదీ గోవిందా! అప్పుడు ఇద్దరం కూర్చుని ఒక నియమం పెట్టుకున్నాం. మర్నాడు ఎవరికి పరీక్ష ఉంటే బల్ల వాళ్లది.

పాఠకులారా, ఆ మర్నాటి నుంచి నా చదువు ఎంత ఊపందుకుందో చెప్పలేను. సోమవారం టెస్టు. మంగళవారం టెస్టు. బుధవారం, ముందురోజే తెలిసిపోయిన సర్‌ప్రైజ్ టెస్టు. ఒక వారమైతే ఆదివారం కూడా టెస్టు పెట్టాను. అంత కఠినమైన కాలేజీ ప్రపంచంలో మరొకటి లేదని మా ఆవిడ జాలిపడేది. పరీక్షకు వెళ్లేముందు టీ కూడా ఇచ్చేది. నేను బల్లమీద పుస్తకం తెరిచి, దానిమీద తల పెట్టి, లోతుగా ఆలోచించేవాణ్ణి. గురక కూడా వచ్చేదట.

మరి ఆమె ఎక్కడ గీసుకునేది? తలుపు మీద. ఆ గదిలో గోడలు సున్నం రాలే రకం. బల్ల తర్వాత చదునుగా ఉన్నది తలుపు చెక్క ఒక్కటే. తలుపు వేసి, లోపలివైపు షీటు అంటించి, నిలబడి గంటలకొద్దీ గీసేది. నన్ను అడిగింది ఒక్కటే. 'వచ్చేటప్పుడు తలుపు కొట్టు. పెన్ను పైకి తీస్తాను.'

సొంత గది తలుపు కొట్టడానికి నేనేమైనా పోస్ట్‌మ్యాన్‌నా? అయినా పెద్దమనసుతో ఒప్పుకున్నాను. గుర్తున్నప్పుడు కొట్టేవాణ్ణి. గుర్తులేనప్పుడు కింద మెట్ల దగ్గర కూర్చునే టైలర్ పెద్దాయన గుర్తుచేసేవాడు. 'బాబూ, కొట్టి వెళ్లు. పైన అమ్మాయి గీస్తోంది' అనేవాడు.

ఆఖరి సంవత్సరంలో ఒకరోజు ఆమె అడిగింది. "ఈ ఒక్క పూట బల్ల ఇస్తావా? మూడింటికల్లా షీటు ఇచ్చెయ్యాలి. తలుపు మీద ఇంకు గీతలు జారుతున్నాయి."

అది మామూలు షీటు కాదు. ఆ ఏడాది మార్కులన్నీ దాని మీదే. ఇద్దరు మనుషులు ఉండే చిన్న ఇంటికి ప్లాను గీయాలి. అది ఇవ్వకపోతే డ్రాయింగ్ పోతుంది. డ్రాయింగ్ పోతే ఏడాది పోతుంది. ఏడాది పోతే, 'పెళ్లయిన పిల్లకు చదువెందుకని నేను ముందే అన్నాను' అనడానికి మా మేనత్త అప్పటికే గొంతు సవరించుకుని ఉంది.

"నాకు పన్నెండింటికి టెస్టుందే" అన్నాను.

ఆమె షీటు తీసుకెళ్లి తలుపుకి అంటించింది. నేను పదకొండు దాకా బల్ల దగ్గర లోతుగా ఆలోచించి, కాలేజీకి బయల్దేరాను.

కాలేజీకి వెళ్తే గేటు మూసి ఉంది. ప్రిన్సిపాల్ గారి మామగారు కాలం చేశారట. పోయినాయన ఆత్మకు శాంతి కలగాలి గానీ, నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. తిన్నగా సినిమా హాలుకి వెళ్లి మ్యాట్నీకి రెండు టికెట్లు కొన్నాను. రెండు! గమనించండి. నాలో ప్రేమ లేదని ఎవరైనా అంటే ఈ టికెట్లే సాక్ష్యం.

పరుగున వచ్చాను. "బాబూ, కొట్టి..." అని టైలర్ పెద్దాయన అంటూనే ఉన్నాడు. నాలుగేసి మెట్లు ఎక్కేశాను. "కాలేజీకి సెలవోయ్! సినిమాకి పద!" అంటూ రెండు చేతులా తలుపు తోశాను.

లోపల చిన్న చప్పుడైంది. స్కేలు కిందపడ్డ చప్పుడు.

సందులోంచి తల పెట్టి చూశాను. ఆమె ఒక గీత సగం దాకా గీస్తోంది, అక్కడితో ఆపాలి. నేను తోసిన తోపుకి పెన్ను స్కేలు అంచు వెంట జర్రున సాగి, ఇంటికి ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్లిపోయింది. నల్లటి ఇంకు, నిటారు గీత. ఇల్లు సరిగ్గా రెండు ముక్కలైంది. టైము పన్నెండున్నర.

ఆమె గీత వంక చూసింది. నా చేతిలో టికెట్ల వంక చూసింది.

"టెస్టు?" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. లేని టెస్టు వాయిదా పడిందని ఎలా చెప్పను!

"కొట్టమన్నాను కదా" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. స్కేలు తీసుకుని ఆ గీత పక్కనే ఇంకో గీత గీసింది. రెంటి మధ్యా అడ్డంగా చిన్న చిన్న గీతలు నింపింది. గీత గోడ అయిపోయింది. తర్వాత రబ్బరుతో ఏదో చాలాసేపు చెరిపింది. ఏం చెరుపుతోందో నేను చూడలేదు. రెండున్నరకు మ్యాట్నీ. ఇంకా వెళ్లగలనా లేదా అని లెక్క వేసుకుంటున్నాను.

వెళ్లాను. రెండు టికెట్లూ వృథా చెయ్యడం ఎకనామిక్స్ విద్యార్థికి తగదు కదా! పక్కసీట్లో నా సంచి కూర్చుంది.

ఆ షీటుకి క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. 'ఇద్దరికీ ఎవరి ఏకాంతం వారికి ఇచ్చిన తీరు మెచ్చుకోదగ్గది' అని కింద లెక్చరర్ రాశాడు. ఆ మార్కుల్లో నా వాటా ఎంతో మీరే చెప్పండి. ఆ గోడకు అసలు రూపశిల్పిని నేనేనని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుని తిరిగాను.

మా ఆవిడ పెద్ద ఇంజనీరు అయింది. వంతెనలు కట్టింది, ఆసుపత్రులు కట్టింది. చివరికి మాకొక ఇల్లు కట్టింది. ఆ ప్లానుతోనే. నడిమధ్యన తొమ్మిదంగుళాల గోడ. అటు ఆమె గది, ఆమె బల్ల. ఇటు నా గది, నా బల్ల. నా బల్ల ఆరడుగులు. మోచెయ్యి ఎంత చాపినా ఎవరికీ తగలదు. పునాదులప్పుడు అడిగాను, ఇంత ఇంటికి మధ్యలో ఈ గోడ దేనికని.

"గీత నీదేగా" అంది.

ఇప్పుడు మేము ఎంతో నాగరికంగా ఉన్నాం. ఆ గదిలోంచి ఈ గదికి రావాలంటే హాలు చుట్టి రావాలి గనక ఎవరమూ రాము. 'టీ?' అని ఫోనులో మెసేజ్ వస్తుంది. నేను బొటనవేలు బొమ్మ పంపుతాను. టీ వచ్చి బయట స్టూలు మీద ఉంటుంది. దెబ్బలాట లేదు, ఇంకు ఒలకడం లేదు. బ్యాంకు మేనేజరు మీద నవ్వాను గానీ, మా ఇంట్లో లిఫ్టు లేదు కాబట్టి బతికిపోయాను.

కిందటి నెల అటక సర్దుతుంటే ఆ షీటు దొరికింది. చుట్ట విప్పి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకున్నాను. ఇంకు గోడ నిక్షేపంగా ఉంది. దాని కింద, చెరిపినా పూర్తిగా పోని పెన్సిలు గీతలు కనిపించాయి. మొదట ఆమె వేసిన ప్లానులో గోడ లేదు. ఉన్నది ఒకే పెద్ద గది. కిటికీ పొడవునా ఒక బల్ల. బల్లకు ఒకే వైపున, పక్కపక్కనే, రెండు కుర్చీలు. బల్ల పొడవు చిన్న అంకెల్లో రాసింది. డెబ్బై రెండు అంగుళాలు. చెరొక ముప్పై ఆరు.

బల్ల కోసం అబద్ధాలాడిన నాకోసం, తలుపు దగ్గర నిలబడి, ఆమె అంత బల్ల గీసుకుంటూ ఉంది. ఆ బల్ల మధ్యలోంచే నా గీత పోయింది.

నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లు ఆలస్యంగానే అనుకోండి. కాబట్టి ప్రభుత్వం వెంటనే రెండో బల్లను నిషేధించాలి. నాకు ఆమె మోచెయ్యి కావాలి. ఆ మాట నేరుగా ఆమెతో అనడానికి ధైర్యం చాలక, ప్రభుత్వానికి రాస్తున్నాను.

ఇక్కడిదాకా రాసి, తప్పులుంటే దిద్దుతుందని ఆమెకు ఫోనులో పంపాను. బొటనవేలు వస్తుందేమోనని చూశాను. రాలేదు. గోడ అవతల కుర్చీ జరిగింది. హాలు చుట్టూ అడుగుల చప్పుడు వినిపించింది. నా తలుపు మీద రెండు దెబ్బలు. ఆమె ఎప్పుడూ కొట్టే వస్తుంది.

"ఆ సినిమా బాగుందా?" అంది. ఇన్నేళ్లలో అడగడం ఇదే మొదలు.

"ఏమో, ఇంటర్వెల్‌లోనే లేచి వచ్చేశాను. మనసొప్పలేదు."

"నేను నాలుగున్నరకే వచ్చాను. నువ్వు ఆరింటికి వచ్చావు. వచ్చి కథంతా చెప్పావు కూడా."

నేను దగ్గాను. ఆమె చేతిలో టేపు ఉంది, చెవి మీద పెన్సిలు ఉంది. గోడ దగ్గరికి వెళ్లి వేలితో రెండు మూడు చోట్ల తట్టి చూసింది.

"తీసేద్దామా?" అన్నాను ఆశగా.

"తీస్తే కప్పు నీ నెత్తిన పడుతుంది. తలుపు పెట్టొచ్చు."

నేల నుంచి నా తల పైదాకా కొలిచి, గోడ మీద పెన్సిలుతో నిలువుగా రెండు గీతలు, పైన అడ్డంగా ఒకటి గీసింది. నా బల్ల సరిగ్గా దాని ముందే ఉంది.

"ఎటు తెరుచుకుంటుంది?" అని అడిగాను.

"నీ గదిలోకి. నేను తోస్తాను."

"కొట్టవా?"

"నీకు టెస్టు ఉన్నరోజు చెప్పు, కొడతాను" అంది.

చట్టం సంగతి ప్రభుత్వం నిదానంగా చూసుకోవచ్చు. తాపీమేస్త్రి సోమవారం వస్తానన్నాడు. నాకు సోమవారం టెస్టు లేదు, మంగళవారం లేదు. ఆదివారం కూడా లేదు.