లెక్కల సారు ఎదుగుదల

తెలిసినవాడికి మళ్లీ నేర్పగలిగితేనే దాన్ని శిక్షణ అంటారు. తెలియనివాడికి నేర్పడం ఎవరైనా చేస్తారు. దానికి బడి అని పేరు, ప్రత్యేక బడ్జెట్ ఏమీ ఉండదు.

నేను సత్యవేడు మండలంలోని ఒక హైస్కూల్లో లెక్కల సారును. ఏడో తరగతికి భిన్నాల కూడిక చెబుతుండగా, భిన్నాల కూడిక ఎలా చెప్పాలో నేర్చుకోవడానికి పుత్తూరు రమ్మని ప్రొసీడింగ్స్ వచ్చాయి. మా బడిలో ఇంకో లెక్కల సారు లేరు. (ఉంటే ఆయన్నీ పిలిచేవారు.) ఆ తరగతిలోని చెంగయ్య కూతురు ప్రశాంతి అప్పటికి ఒకటి బై రెండుకు ఒకటి బై మూడు కలిపి రెండు బై అయిదు అని రాస్తోంది. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడేస్తుంది. (అంటే సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గుతుంది. ప్రభుత్వ లెక్కల్లో ఇది కొత్త కాదు. తరగతిలో మాత్రం తప్పు.)

“సోమవారం వచ్చి సెప్తాలే పాపా” అన్నాను.

“పోయిన తూరీ ఇట్లే అంటిరి సార్” అంది.

పుత్తూరుకు ఎముక విరిగినవాళ్లు కట్టు కోసం వస్తారు. మేం ఏమీ విరక్కుండానే వచ్చాం. మొదటి గంటలో ప్రీటెస్టు పెట్టారు. ఇరవై మార్కులకు భిన్నాల కూడికలు. హాల్లో ఉన్న లెక్కల సార్లందరికీ ఇరవైకి ఇరవై వచ్చాయి. మాకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ శేషసాయి గారు ఆ మార్కులు చూసి కుర్చీలో కూలబడ్డారు.

“ఏమండీ ఇది? ఇప్పుడే ఇరవై తెచ్చుకుంటే చివర్లో తెచ్చుకోడానికి ఏముంది? ఎదుగుదల సున్నా పడుతుంది. సున్నా పడినవాళ్లకు ఈ మార్కులు ఎక్కించే యాప్ మళ్లీ మొదట్నించీ శిక్షణ వేస్తుంది. నా చేతిలో లేదు.”

(నిబంధన ఏడు: ఎదుగుదల అనగా చివరి మార్కులలోనుండి మొదటి మార్కులు తీసివేయగా మిగిలినది. ఏమీ మిగలనివారు శిక్షణలోనే మిగిలిపోవలెను.)

పుత్తూరులోనే పుట్టి పెరిగిన కల్యాణవల్లి టీచరుకు విషయం అందరికంటే ముందు అర్థమైంది. “కట్టు కట్టాలంటే ముందు ఇరగాల గదా. ఇరగ్గొట్టుకోమంటా ఉండారు” అన్నారు.

శేషసాయి గారు ఆ పేపర్లు పక్కన పెట్టి కొత్తవి పంచారు. తప్పులు రాయడం మొదలుపెట్టాం. అది తేలిక కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ వెంకటముని సారు తోచిన అంకెలు వేసి ఇచ్చారు. శేషసాయి గారు ఒప్పుకోలేదు.

“సార్, ఇది తప్పులా లేదు, కోపంలా ఉంది. నమ్మేట్టు ఉండాలి.”

“యాడ కుదురుతాది? ఒప్పు రాసి రాసి చెయ్యి అట్లే పోతాదప్పా” అన్నారు వెంకటముని.

నాకు ఆ ఇబ్బంది రాలేదు. ప్రశాంతిని తలుచుకుని, పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడుకుంటూ పోయాను. ఇరవైకి సున్నా వచ్చింది. శేషసాయి గారు నా పేపరు ఎత్తి హాలంతటికీ చూపించారు. ఉద్యోగంలో చేరాక నా పేపరు ఒకరు ఎత్తి చూపడం అదే మొదలు. (సంతోషించాను. దాచడం దేనికి?)

ఆ తర్వాత గుంపులుగా కూర్చున్నాం, చార్టులు అతికించాం, చప్పట్లు కొట్టాం, కొట్టినట్టు ఫొటో తీసి యాప్‌లో పెట్టాం. చివరి పరీక్షలో నాకు మళ్లీ ఇరవై వచ్చాయి. అందరికంటే ఎక్కువ ఎదిగినవాడినని సర్టిఫికెట్ ఇచ్చారు. బస్సులో దాన్ని మడత పడకుండా పట్టుకుని వచ్చాను.

సోమవారం వస్తానన్నవాడిని గురువారం తరగతికి వెళ్లాను. ప్రశాంతి బోర్డు మీద అదే లెక్క వేసి, అయిదు బై ఆరు అని రాసి ఉంచింది.

“ఎవురు సెప్పినారు పాపా?”

“ఎవురూ సెప్పలే సార్. మీరు లేరని ఆటల సార్ వచ్చినాడు. నాకు లెక్కలు రావు, మీరే నాకు సెప్పండి అన్నాడు. ఆయనకు సెప్పీ సెప్పీ మాకు వచ్చేసినాది.”

(ఆటల సారు ధర్మేంద్రకు ఇంతవరకు ఏ శిక్షణా ఇవ్వలేదు.)

సంతోషించడానికి వ్యవధి లేదు. ఆ మధ్యాహ్నమే పిల్లలకు ప్రీటెస్టు. శిక్షణ పొందిన సారు తరగతి నెల తర్వాత ఎంత ఎదిగిందో యాప్ చూస్తుంది. పిల్లలకు ఇప్పుడే ఇరవై వస్తే ఎదుగుదల సున్నా. సున్నా అయితే నేను మళ్లీ పుత్తూరు. దశాంశాలు చెప్పడానికి బడిలో మనిషి ఉండడు.

“పాపా, ఈ పొద్దుకు మాత్రం మునుపు మాదిరే రెండు బై అయిదు రాయి. నేను ఈడే ఉండాలంటే వేరే దోవ లేదు.”

ప్రశాంతి పెన్సిలు పట్టుకుని బోర్డు వైపు చూసింది.

“తప్పు ఎట్లొచ్చేదో మర్సిపోయినాను సార్. ఒక తూరి సెప్పండి.”

సుద్దముక్క తీసుకున్నాను. పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కూడి చూపించాను. ఉదాహరణలు ఇచ్చాను. వెనక బెంచీ వాళ్ల కోసం మళ్లీ చెప్పాను. అందరికీ అర్థమైంది.

భిన్నాల పాఠంలో ఆ తరగతికి నేను స్వయంగా నేర్పింది అదొక్కటే.