చెరుకుపల్లి రిపీటరుకు వచ్చిన లోపం

తెనాలి, బాపట్ల, రేపల్లె సంయుక్త హామ్ రేడియో సంఘం వారి రిపీటరు గత ఎనిమిది నెలలుగా ఒక్క ఫిర్యాదు కూడా లేకుండా పనిచేసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఈ ఎనిమిది నెలల్లో దానికి కరెంటు లేదన్న సంగతి తర్వాత బయటపడింది గానీ, దానివల్ల పనితీరుకు ఎలాంటి ఆటంకమూ కలగలేదు.

హామ్ రేడియో అంటే ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకుని, సరదా కోసం వైర్‌లెస్‌లో మాట్లాడుకోవడం. చేతిలో పట్టుకునే చిన్న సెట్టులో మాట్లాడితే ఆ మాట ఊరు దాటదు. ఎత్తయిన చోట రిపీటరు అనే పెట్టె ఒకటి పెడితే, అది ఆ బక్క మాటను విని, తన గొంతుతో గట్టిగా మళ్లీ చెబుతుంది. అప్పుడు పక్క తాలూకాలో కూడా వినపడుతుంది. విన్నదానికి ఏమీ కలపకుండా, ఏమీ తీసెయ్యకుండా చెప్పడం దాని ప్రత్యేకత. ఈ గుణమున్న మనిషి మూడు ఊళ్లలోనూ దొరక్కపోవడం వల్లనే పెట్టెను పెట్టవలసి వచ్చింది.

పెట్టెను తయారుచేసినవారు తెనాలి అబ్దుల్ షుకూర్ గారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇంజనీరుగా రిటైరయ్యారు. తెనాలిలో తన డాబా మీద కూర్చుని, రేపల్లెలో ఉన్న మిత్రుడు దేవదానం మాస్టారి గొంతు రేడియోలో వినాలన్నది ఆయన జీవితాశయం. మాస్టారి గొంతు ఫోనులో రోజూ వింటూనే ఉంటారు. అది లెక్కలోకి రాదు.

పెట్టెను ఎక్కడ పెట్టాలన్న విషయం మీద మూడు ఊళ్లవాళ్లూ మూడు వర్గాలుగా చీలి, చివరికి ఎవరి ఊరూ కాని చెరుకుపల్లిలో, మూతపడిన ఒక కోల్డ్ స్టోరేజీ పైగదిలో పెట్టడానికి ఒప్పుకున్నారు. అందరికీ సమానంగా అసౌకర్యం కలిగే చోటు అదొక్కటే. ప్రారంభోత్సవంలో సంఘం అధ్యక్షులు, బాపట్లలో రొయ్యల మేత డీలరు అయిన రమేష్ బాబు గారు ప్రసంగిస్తూ, "ఈరోజుతో మన మూడు ఊళ్ల మధ్య దూరం చచ్చిపోయింది. దాని కర్మకాండకు ఇంతమంది తరలివచ్చినందుకు పేరుపేరునా ధన్యవాదాలు" అన్నారు. ఆయన పేరు పెద్ద అక్షరాలతోనూ, షుకూర్ గారి పేరు ఉందనిపించే అక్షరాలతోనూ చెక్కిన శిలాఫలకాన్ని గోడకు బిగించారు.

ఆ మర్నాటి నుంచి ప్రతి సాయంత్రం అధ్యక్షులవారు బాపట్ల నుంచి సభ్యులనుద్దేశించి రేడియోలో మాట్లాడసాగారు. గాలిలో రద్దీ తగ్గించే నిమిత్తం, మాట ఎలా వినపడిందో సభ్యులు వాట్సాప్‌లో తెలపాలని ఆదేశించారు. హామ్ సోదరుల సంప్రదాయంలో మాట స్పష్టతకు ఐదు మార్కులు, సిగ్నలు బలానికి తొమ్మిది మార్కులు. రెండూ పూర్తిగా పడితే ఫైవ్ నైన్. పెద్దాయనకు అంతకంటే తక్కువ ఇవ్వడం, పెళ్లి భోజనంలో కూర్చుని పప్పులో ఉప్పు లేదని మైకులో చెప్పడంతో సమానం. కాబట్టి రోజూ ఫైవ్ నైన్‌లు కురిశాయి. "పక్కన కూర్చుని మాట్లాడినట్టుంది సార్" అని ఒకరు రాస్తే, "మీ ఊపిరి కూడా వినపడింది సార్" అని ఇంకొకరు రాశారు.

తెనాలిలో ఫిజిక్సు లెక్చరరు స్టెల్లా మాత్రం మొదటిరోజు, "నాకేమీ వినపడలేదండి" అని రాసింది. సెట్టు మార్చుకోమని ఇరవైమంది సలహా ఇచ్చారు. మార్చుకుంది. యాంటెన్నా మార్చుకోమన్నారు. అదీ మార్చుకుంది. ఇల్లు మారమనే సలహా వచ్చేసరికి ఆవిడక్కూడా ఫైవ్ నైన్ వినపడింది.

ఇక షుకూర్ గారి బాధ పగవాడికి కూడా వద్దు. ఆయన సెట్టులోనూ గరగర తప్ప ఏమీ రాలేదు. పెట్టెను చేసిన మనిషికే వినపడటం లేదని తెలిస్తే పరువేం కావాలి? అందుకని మొదటి ఫైవ్ నైన్ ఆయనే పెట్టేవారు. తర్వాత గుట్టుగా డాబా మీద యాంటెన్నా పైపు పొడవు పెంచేవారు.

"పైపు పెరిగినప్పుడల్లా నా బట్టల తీగ ఊడదీస్తున్నారు. ఇంతా చేసి ఆ డబ్బాలో ఏం వినపడతందండీ?" అని ఆయన భార్య మెహరున్నీసా అడిగేది.

"బ్రహ్మాండంగా వినపడుతోంది" అనేవారు షుకూర్ గారు.

"అయితే నాకూ పెట్టండి, వింటాను."

"నీకు లైసెన్సు లేదు."

ఇలా సర్వం సజావుగా సాగుతుండగా పిడుగులాంటి ఉత్తరువు వచ్చింది. తుఫాను రోజుల్లో సెల్ టవర్లు పనిచెయ్యవు కాబట్టి, తీరప్రాంత అప్రమత్తతా విభాగం వారు సంఘం రిపీటరును పరీక్షించదలచారు. సోమవారం ఉదయం బాపట్లలో అధికారిగారి సమక్షంలో డ్రిల్లు. దేవదానం మాస్టారు నిజాంపట్నం హార్బరు నుంచీ, స్టెల్లా తెనాలి నుంచీ జవాబివ్వాలి. పాల్గొనేవారందరూ తమ సెల్‌ఫోన్లను ముందుగా ఒక బుట్టలో వెయ్యాలి. పరీక్షలో నెగ్గితే రిపీటరుకు ప్రభుత్వ గుర్తింపు. తప్పితే, దాన్ని విప్పి షుకూర్ గారి ఇంటికి పంపించేస్తారు.

బుట్ట అనే మాట చదివిన తర్వాత షుకూర్ గారికి అన్నం సయించలేదు. తన సెట్టులో లోపమేమిటో తేల్చుకోవాలంటే పెట్టె దగ్గరికే వెళ్లి పరీక్షించాలి. ఆదివారం పొద్దున్నే టూల్‌కిట్టు సంచిలో వేసుకుని, "చెరుకుపల్లిలో పెళ్లిచూపులు" అని ఇంట్లో చెప్పి బస్సెక్కారు. ఎవరికని మెహరున్నీసా అడిగేలోగా బస్సు కదిలింది.

కోల్డ్ స్టోరేజీ పైగది తలుపు తీశారు. రిపీటరు మెడలో ఎండిన బంతిపూల దండ ఉంది. దాని పవర్ ప్లగ్గు నేలమీద ఉంది. గదిలో ఉన్న ఒకే ఒక్క సాకెట్లో ఎయిర్ కూలరు ప్లగ్గు ఉంది. ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథికి చెమట పడితే ఎవరో రిపీటరు పీకి కూలరు పెట్టారు. అతిథి చల్లబడి వెళ్లిపోయారు.

షుకూర్ గారు నేలమీద చతికిలబడ్డారు. తన సెట్టులో ఏ లోపమూ లేదని సంతోషించాలో, ఎనిమిది నెలలుగా ఇంతమంది ఏం విన్నారని ఆశ్చర్యపోవాలో తేలలేదు. తాను కూడా విన్నానన్న సంగతి గుర్తొచ్చి లేచి, ప్లగ్గు పెట్టారు.

దీపాలు వెలిగాయి. చేతిసెట్టు తీసి, మీట నొక్కి తన పేరు చెప్పి వదిలారు. మీట వదలగానే రిపీటరు 'పిప్' అని చిన్నగా పలకాలి. నీ మాట విన్నాను, అందరికీ చెప్పాను అని దానర్థం. పలకలేదు. మీటరు పెట్టి చూశారు. పెట్టె నుంచి పైకి వెళ్లవలసిన శక్తి వెళ్లినట్టే వెళ్లి వెనక్కి వచ్చేస్తోంది. అంటే యాంటెన్నా దాకా చేరడం లేదు. కప్పు మీదికెక్కి చూస్తే యాంటెన్నా నిక్షేపంగా ఉంది. కేబులును చేత్తో తడుముకుంటూ గోడవెంట కిందికి వచ్చారు. కేబులు శిలాఫలకం వెనక్కి వెళ్లింది. ఫలకం ఊడదీశారు. అధ్యక్షులవారి పేరు నిలబెట్టడానికి కొట్టిన మేకు కేబులు నడుం గుండా గోడలోకి దిగి ఉంది.

మేకు పీకారు. చెడిన ముక్క కోసేసి, కొత్త కనెక్టరుతో అతికారు. మళ్లీ మీట నొక్కి, వదిలారు.

పిప్.

మూడోసారి, నాలుగోసారి కూడా నొక్కి వదిలి విన్నారాయన. తొలి మనవరాలు పుట్టినప్పుడు కూడా అంత శ్రద్ధగా ఏడుపు వినలేదు. రేపు గెలవబోతున్నానన్న ధైర్యంతో, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంతకాలం పనిచెయ్యలేదని ఒప్పుకోవాలి.

సోమవారం బాపట్లలో హాలు నిండింది. అందరికీ వినపడాలని సెట్టుకు మైకుసెట్టువాళ్ల లౌడ్‌స్పీకరు కొమ్ము తగిలించారు. ఫోన్లన్నీ బుట్టలో చేరాయి. రమేష్ బాబు గారి ముఖం పాలిపోయి ఉంది. ఆయనకు కూడా ఎన్నడూ ఏదీ వినపడలేదని షుకూర్ గారికి అప్పుడర్థమైంది.

"నిజాంపట్నం, నిజాంపట్నం, బాపట్ల పిలుస్తోంది. నా మాట ఎలా వినపడుతోంది? ఓవర్" అన్నారు అధ్యక్షులవారు, ఉరికంబం ఎక్కుతున్నవాడి గొంతుతో.

పిప్.

"ఎవరూ... రమేష్ బాబు గారా?" అంది కొమ్ము. దేవదానం మాస్టారి గొంతు. "ఏంటండీ ఇది, మీరు వినపడుతున్నారు."

షుకూర్ గారు కళ్లు మూసుకున్నారు. జీవితాశయం నెరవేరింది.

"ఫైవ్ నైనే కదండీ మాస్టారూ? ఓవర్."

"ఫైవ్ నైన్ సంగతి తర్వాతండి. నిజంగానే వినపడుతున్నారు. ఎనిమిది నెలల్లో ఇదే మొదటిసారండి. నా సెట్టు చచ్చిందనుకుని కోళ్లగూటి మీద బరువు పెట్టానండి."

"తెనాలి నుంచి స్టెల్లానండి" అని ఇంకో గొంతు వచ్చింది. "నాకూ ఇదే మొదటిసారి. అయితే మాస్టారూ, మీరు రోజూ ఫైవ్ నైన్ ఎందుకు పెట్టారండీ?"

"నువ్వు పెట్టావని పెట్టానమ్మా."

హాల్లో అందరూ నేలచూపులు చూశారు. అధికారిగారు దగ్గి, డ్రిల్లు కాగితం అందుకుని చదివారు. "తీరంలో తుఫాను షెల్టరు సిద్ధంగా ఉందా? సిద్ధంగా ఉందని జవాబు చెప్పాలి. ఓవర్."

"ఒక్క నిమిషం ఉండండి. ఇక్కడి ఆవిడే ఉంది, ఇస్తున్నా" అన్నారు మాస్టారు.

"అయ్యా, నేను సరోజనండి. చేపలు ఎండబెట్టే కళ్లం కాడ ఉంటామండి" అంది కొమ్ము. "మా పాలెంలో షెల్టరుకి తాళమేసుందండి. తాళంచెవి ఎవరికాడుందో తెలవదండి. కిటికీలోంచి చూస్తే కప్పుదాకా రొయ్యల మేత బస్తాలున్నాయండి. మమ్మల్ని ఎక్కడ ఉండమంటారో చెప్పండి. బస్తా మీద ఒకాయన బొమ్మ కూడా ఉందండి. మీసాలాయన. నవ్వుతా ఉన్నాడండి."

హాలంతా రమేష్ బాబు గారి మీసాల వైపు తిరిగింది. అప్పుడాయన నవ్వుతూ లేరు.

"సిగ్నలు సరిగ్గా లేదు" అని అధికారిగారు కొమ్ము తీగ పీకేశారు.

సాయంత్రానికి నివేదిక తయారైంది. 'సదరు రిపీటరునందు తీవ్రమైన లోపము కలదు. డ్రిల్లునకు సంబంధము లేని సమాచారము తీరము నుండి నేరుగా కార్యాలయమునకు చేరుచున్నది. వారములోగా సరిచేయని యెడల తొలగించవలెను.' షెల్టరు గురించి నివేదికలో ఏమీ లేదు. అక్కడ లోపమేదీ కనపడలేదు.

"ఎనిమిది నెలలు భేషుగ్గా పనిచేసినదాన్ని ఏం చేశారు షుకూర్ గారూ?" అని రమేష్ బాబు గారు నిలదీశారు.

"బాగుచేశానండి."

"ఎవరు చెయ్యమన్నారండీ? మీకు తెలిసిన విద్య కదా అని ఎదురొచ్చిన ప్రతిదాన్నీ బాగుచేసేస్తారా? మళ్లీ మామూలుగా పనిచెయ్యాలి. లేకపోతే విప్పి తీసుకుపొండి."

షుకూర్ గారు ఇంటికొచ్చి డాబా మీద కూర్చున్నారు. ప్లగ్గు పీకేస్తే పెట్టె గోడన ఉంటుంది, గొంతు ఉండదు. పీకకపోతే పెట్టే ఉండదు. ఎటు చూసినా దేవదానం గొంతు మళ్లీ వినపడదు. జరిగిందంతా మెహరున్నీసాకు చెప్పారు, పెళ్లిచూపుల సంగతితో సహా.

ఆవిడ తడిబట్టలు దులుపుతూ వింది. "వాళ్లకి కావలసింది మీ డబ్బా మాట్లాడకపోవడమా, వాళ్లకి వినపడకపోవడమా?"

"రెండూ ఒకటే కదా."

"ఇంజనీరు చదివారు. మీ అక్కయ్య వచ్చి కూర్చున్నప్పుడల్లా నేనేమన్నా ఆవిడ నోరు కుట్టానా? మిక్సీ వేసుకున్నాను."

 షుకూర్ గారు లేచి, ఆవిడ బట్టల తీగను తన చేతుల్తో కట్టారు.

మర్నాటి నుంచి సభ్యుల ఇళ్లకు వెళ్లి సెట్లకు ఉచితంగా సర్వీసింగు చేశారు. ప్రతి సెట్టులోనూ స్క్వెల్చ్ అని ఒక నాబ్ ఉంటుంది. అక్కర్లేని గరగరను చెవిదాకా రానివ్వకుండా ఆపడం దాని పని. దాన్ని కొసదాకా తిప్పితే గరగరతోపాటు దూరం నుంచి వచ్చే మనిషి మాట కూడా ఆగిపోతుంది. షుకూర్ గారు అందరి నాబులూ కొసదాకా తిప్పారు. అధ్యక్షులవారు సెట్టు చెవి దగ్గర పెట్టుకుని, ఆ నిశ్శబ్దానికి మురిసిపోయి టిఫిన్ పెట్టించారు. అధికారిగారైతే తన సెట్టును స్వయంగా తెచ్చి చేతికిచ్చి, "కొంచెం గట్టిగానే తిప్పండి" అన్నారు. స్టెల్లా సెట్టునూ మాస్టారి సెట్టునూ మాత్రం ముట్టుకోలేదు. చెరుకుపల్లిలో పెట్టె పలుకుతూనే ఉంది; కరెంటు పోయినా ఆగకుండా దానికొక బ్యాటరీ కూడా తగిలించారు. శిలాఫలకం కూడా తిరిగి గోడకెక్కింది, ఈసారి జిగురుతో.

లోపం సవరించబడినదని విభాగం వారు ధ్రువీకరించారు. రిపీటరుకు గుర్తింపు, రమేష్ బాబు గారికి శాలువా లభించాయి. వాట్సాప్‌లో ఫైవ్ నైన్‌లు మళ్లీ కురిశాయి.

అక్టోబరు నెలాఖరులో వాయుగుండం నిజంగానే వచ్చింది. మధ్యాహ్నానికి సెల్ టవర్లు పడుకున్నాయి. పాలెం నుంచి సరోజ చెప్పింది, మాస్టారు సెట్టులో చెప్పారు, తెనాలిలో షుకూర్ గారూ స్టెల్లా విన్నారు. కొల్లూరు లంకల నుంచి అరటిగెలలు తెచ్చి తెనాలిలో దించి ఖాళీగా పోబోతున్న రెండు లారీలను స్టెల్లా చెయ్యి అడ్డుపెట్టి ఆపి, పాలెం పంపించింది. లారీలు వచ్చేలోగా సరోజా వాళ్లూ షెల్టరు తాళం పగలగొట్టి, బస్తాలను వానలోకి నెట్టి, ముసలివాళ్లనూ పిల్లలనూ లోపల కూర్చోబెట్టారు. మిగిలినవాళ్లు లారీలెక్కారు. అందరూ క్షేమమైన చోటికి చేరారన్న మాట మాస్టారి గొంతులో వచ్చేదాకా షుకూర్ గారు సెట్టు దగ్గర్నుంచి లేవలేదు. మెహరున్నీసా లైసెన్సు లేకుండానే పక్కన కూర్చుని వింది. గాలివాన చివరికి వేరే తీరానికి మళ్లిపోయింది.

తుఫాను కాలమంతటా తీరం నుంచి ఒక్క ఫిర్యాదు కూడా వినపడలేదని, ఇది తమ సన్నద్ధతకు నిదర్శనమని విభాగం వారు ప్రకటించారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

మీ ప్రాంతంలో కూడా ఈమధ్య ఫిర్యాదులేవీ వినపడక ప్రాణం హాయిగా ఉంటే, సర్వీసింగు పేరుతో మీ ఇంటికి ఎవరొచ్చి వెళ్లారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎవరూ రాలేదంటే, నాబు మీరే తిప్పుకుని ఉంటారు.