ఎర్ర పట్టీకి దారి

డాక్టర్లకు వార్త అందించడం గొప్ప కాదు, అందించకుండా వాళ్లను ఎంతసేపు కూర్చోబెట్టగలమన్నదే గొప్ప అనే మహాసత్యం నంద్యాలలో, బస్టాండు దగ్గరి ఒక లాడ్జి మీటింగు హాలులో లోకానికి వెల్లడైంది. వెల్లడవుతున్న సమయానికి ఆళ్లగడ్డ పిల్లల డాక్టరు ప్రసన్నకుమారి ఉగ్గాని, బజ్జీ తింటూ ఉంది. (వచ్చిన డాక్టర్లంతా ఉగ్గాని కోసమే వచ్చారన్నది అపవాదు. కొందరు బజ్జీ కోసం వచ్చారు.)

సంగతేమిటంటే, డాక్టర్ల ఫోన్లలో 'వైద్యదీపం' అని ఒక యాప్ ఉంది. అందులో 'నేటి మాట' పేరుతో రోజూ పొద్దున నాలుగు ముక్కల వైద్య వార్తలు వస్తాయి. అన్నిటికంటే పైన ఒక ఎర్ర పట్టీ. ఏ మందులో తేడా కనబడింది, ఏ మందును బజారు నుంచి వెనక్కి పిలిచారు అన్నది ఆ పట్టీలో ఉంటుంది. ప్రసన్నకుమారి చేతులు కడుక్కుంటూ ఉంటే నర్సు దానమ్మ దాన్ని గట్టిగా చదివేది. బయట బెంచీల మీద బిడ్డల్ని ఒళ్లో వేసుకుని కూర్చున్న తల్లులూ చెవులు రిక్కించి వినేవాళ్లు. చదవడం అవగానే ఫోను సొరుగులోకి, మొదటి బిడ్డ బల్ల మీదికి. ఆళ్లగడ్డలో ఓపీ ఇలాగే మొదలయ్యేది.

ఇంత ఆరోగ్యంగా ఉన్న అలవాటును యాప్ కంపెనీ రోగంగా గుర్తించింది. 'చదువరుల నిలుపుదల విభాగం' ఉప సంచాలకుడు సంపత్ ఆ లాడ్జి హాలులో తెర మీద గీతలు చూపించాడు. డాక్టర్లు వస్తున్నారు, కావలసింది చూసుకుంటున్నారు, పోతున్నారు. పోతున్నారు అనేటప్పుడు అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ముందురోజు అతను మహానంది వెళ్లొచ్చాడట. టెంకాయల అంగళ్లు, గాజుల అంగళ్లు, బొమ్మల అంగళ్లు అన్నీ దాటితే గానీ స్వామి కనబడలేదట. అందరూ స్వామి కోసమే వస్తారు కాబట్టే స్వామి చివర ఉంటాడని అతనికి అక్కడే జ్ఞానోదయమైంది. అందరూ ఎర్ర పట్టీ కోసమే వస్తున్నప్పుడు దాన్ని గుమ్మంలో పెట్టుకునే తెలివితక్కువతనం ఇకపై ఉండదని అతను ప్రకటించాడు.

ప్రసన్నకుమారి బజ్జీ పక్కన పెట్టింది.

"అంగళ్లు ఎన్నైనా పెట్టుకో అప్పా. ఆ పట్టీని మాత్రం కదిలించొద్దు. మేము పసిబిడ్డలకు మందులు రాస్తాండాం."

సంపత్ చలించిపోయి ఆ మాట రాసుకున్నాడు. (అతని అధికారం రాసుకోవడం వరకే.)

కొత్త 'నేటి మాట' వచ్చింది. తెరవగానే ఒక రంగుల చక్రం. తిప్పితే పతకం. ఆ తర్వాత, రోగి ఎదుట ఎలా నవ్వాలో ఒక పెద్దాయన నవ్వకుండా వివరించే వీడియో. ఆ తర్వాత జిల్లా డాక్టర్ల ర్యాంకులు. నిజం చెప్పుకోవాలంటే మొదటి వారం అందరికీ భలే కులాసాగా గడిచింది. ఆత్మకూరు చర్మవ్యాధుల డాక్టరు పొద్దస్తమానం చక్రం తిప్పి 'వైద్యరత్న' అయ్యాడు. (గోకుడు మాత్రం ఊళ్లో యథాతథం.) ప్రసన్నకుమారికి కోపం రావలసింది పోయి, కంచు స్టెతస్కోపు పతకం వచ్చినందుకు లోలోపల సంతోషం వేసింది. బండి ఆత్మకూరు డాక్టరు తనకంటే కింద ఉన్నాడని తెలిశాక ఆ సంతోషం రెట్టింపయింది.

అంతలో ఒక పొద్దున అనిత అనే అమ్మాయి తన పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చింది. ఒళ్లు పెనంలా కాలుతోంది. ప్రసన్నకుమారి జ్వరం సిరప్ పేరు సగం రాసి ఆగిపోయింది. ఏదో జ్వరం సిరప్‌ను వెనక్కి పిలిచారని ఆమె వచ్చే దారిలో మందుల షాపతను అన్నాడు, ఏదన్నది మాత్రం గుర్తులేదన్నాడు. ఇంటర్నెట్‌లో వెతికితే సిరప్‌లన్నీ ఒకదాన్ని మించి ఒకటి తమను తాము పొగుడుకున్నాయి. ఇక దిక్కు ఎర్ర పట్టీయే.

దానమ్మ ఫోను తీసి చక్రం తిప్పింది. పెద్దాయన నవ్వు పాఠం మొత్తం భరించింది. 'మీరు వైద్యులు కావడానికి స్ఫూర్తి ఎవరు?' అని అడిగితే మా మేనత్త అని రాసింది. చివరికి పట్టీ వచ్చింది, మీద ముసుగుతో. తోటి వైద్యులను ముగ్గురిని చేర్చితే ముసుగు తొలగుతుందని కింద రాసి ఉంది. (ఇదివరకే చేరినవారు చెల్లరు.)

ప్రసన్నకుమారికి భయం వేసింది. ఇన్నేళ్ల ప్రాక్టీసులో మందు పేరు సగంలో ఆపడం అదే మొదలు.

"ఇంక కొత్త డాక్టర్లు యాడ దొరుకుతారు దానమ్మా?"

దానమ్మ బెంచీల వైపు చూసింది. "ఈడే ఉండారు కదా మేడమ్."

యాప్ పెట్టే పరీక్ష ఒక్కటే. 'మీరు వైద్యులేనా?' జవాబుగా 'అవును' మాత్రమే ఉంది. ('కాదు' అనే బటన్ చదువరుల ఉత్సాహాన్ని దెబ్బతీస్తోందని తీసేశారు.) మనవణ్ణి తెచ్చిన రామసుబ్బమ్మ గుండె నిపుణురాలైంది. చల్లదనానికి ఫ్యాను కింద కూర్చుందామని వచ్చిన రంగనాయకమ్మకు ఎముకలు ఇవ్వబోతే, తనకు కండ్లే కావాలని పట్టుబట్టి సాధించుకుంది. మూడో డాక్టరు అనితే. బిడ్డను భుజాన వేసుకుని, ఏడుస్తూనే 'అవును' నొక్కింది.

ముసుగు తొలగింది. దానమ్మ గట్టిగా చదివింది. సగం రాసి ఆపిన సిరప్పే అది. ప్రసన్నకుమారి దాన్ని కొట్టేసి వేరే మందు రాసింది. "మా ఇంట్లో ఉండేది ఆ కొట్టేసిందే" అంటూ రామసుబ్బమ్మ అప్పటికే ఇంటికి ఫోను కలిపింది.

పిల్లవాడికి రెండు రోజుల్లో జ్వరం తగ్గింది. ఊరికి మాత్రం ఎక్కింది. పతకాలు వస్తాయని తెలిసి బెంచీలు బెంచీలే డాక్టర్లయ్యాయి. రోగుల కంటే స్పెషలిస్టులు ఎక్కువున్న పట్టణంగా ఆళ్లగడ్డ కంపెనీ చరిత్రకెక్కింది. ప్రసన్నకుమారిని సత్కరించడానికి సంపత్ శాలువాతో, ఫోటోగ్రాఫరుతో దిగాడు.

శాలువా కప్పించుకుంటూ ఆమె, తక్కిన ఊళ్లలో ఆ పట్టీ తెరుచుకుందా అని అడిగింది. ముగ్గురిని చేర్చలేని డాక్టర్లకు తెరుచుకోలేదని, అయితే వాళ్లంతా పట్టీ ముందు చాలాసేపు ఆగారని, ఇంతకంటే విజయం ఏముంటుందని అతను మెరిసే కళ్లతో చెప్పాడు.

"మరి ఆ ఊర్లల్లో బిడ్డలు ఏ సిరప్ తాగినారప్పా?"

అది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న అని, తమది వైద్య వార్తల విభాగం మాత్రమేనని వినయంగా చెప్పి, సంపత్ ఫోటో కోసం ఆమెను కొంచెం నవ్వమన్నాడు.